తప్పంతా బెంగళూరు వాతావరణానిదే

బెంగళూరులో కొత్త బిల్డింగులు బాగోలేవని, ఏ దేశం నుంచో ఎత్తుకొచ్చి దించినట్టున్నాయని కొందరు గొణుగుతున్నారు. ఇది అన్యాయం. బిల్డింగులు తమ పని తాము చేస్తున్నాయి. సహకరించనిది ఈ ఊరే.

వైట్‌ఫీల్డ్ వైపు వెళ్లండి. మన తెలుగువాళ్లం ఎగబడి కొన్న విల్లాలు వరసగా కనిపిస్తాయి. గేటు మీద ఇటలీ ఊరి పేరు, గుమ్మానికి అటూ ఇటూ రోమన్ స్తంభాలు, పైన మంచు జారిపోవడానికి బాగా వాలుగా పెట్టిన కప్పు. ఇంత ముందుచూపుతో కడితే ఊరు చేసిందేమిటి? ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మా కప్పు మీద నుంచి ఇంతవరకు జారినవి పక్కింటి పిల్లల షటిల్ కాక్‌లే.

మొన్న ఎండాకాలం మా అత్తయ్య హిందూపురం నుంచి వచ్చింది. ఇల్లంతా తిరిగి చూసి, "ఏం నాయనా, ఇన్ని కోట్లు పోసినారు, కిటికీ మీద చూరు యాడుంది? వాన జల్లు కొడితే ఎట్ల?" అంది. పాపం పెద్దావిడ, ఎలివేషన్ అంటే ఇంటి ముందువైపు సోకని తెలియదు. సన్‌షేడ్ పెడితే ఎలివేషన్ పాడవుతుందని బిల్డరు మానేశాడు. గోడ చెమ్మెక్కుతుంది, వాటర్‌ప్రూఫింగ్ మనిషి ఏటా వచ్చిపోతుంటాడు, అంతే కదా. తర్వాత వడియాలు పెడతానంది. కప్పు మీద పెడితే జారతాయి. బాల్కనీలో పాత చీర పరిచి పెట్టింది. గంటలో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా నోటీసు: 'యూరోపియన్ లుక్ దెబ్బతింటోంది.' ఆఖరికి ఆ గుమ్మడి వడియాలు మాస్టర్ బెడ్‌రూమ్‌లో, ఫ్యాను కింద, మూడు రోజులు నానా తంటాలు పడి ఆరాయి. ఇంగువ వాసన ఇంకా పోలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసులు ఇంకా గొప్పవి. వెలుతురు రావాలని నిలువెల్లా అద్దం. పడమటి ఎండ కళ్లలో కొడుతుందని ఆ అద్దానికి బ్లైండ్స్. బ్లైండ్స్ దించాక చీకటి కాబట్టి పట్టపగలు లైట్లు. అద్దంలోంచి దిగిన వేడికి ఏసీ, ఏసీ చలికి ఉద్యోగుల ఒంటి మీద జాకెట్లు. ఒక్క అద్దం ఇంతమందికి పని కల్పిస్తోంది.

ఈ విజన్ అప్పటి మైసూరు రాష్ట్ర ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్యగారికి లేకపోయింది. 1956లో పూర్తయిన అసెంబ్లీ భవనం విధాన సౌధకు ఆలయ శిల్పం పోకడలు పెట్టి, గ్రానైటుతో కట్టించారు. బెంగళూరు ఐఐఎం డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి మరీ ఘోరం. రాతి గోడలు, పొడవాటి వరండాలు, వాటి మీద పందిళ్లు, మధ్యలో చెట్లు. మనుషులు నీడలో నడుస్తూ మాట్లాడుకుంటారట! అలాంటాయనకు 2018లో, ఆర్కిటెక్టులకు నోబెల్ లాంటి ప్రిట్జ్‌కర్ బహుమతి కూడా ఇచ్చారు.

నకలు కొట్టడం కొత్తేమీ కాదు, బెంగళూరు ప్యాలెస్ కూడా ఇంగ్లండు కోటల్ని చూసి పెట్టుకున్న వాతే. కానీ ఆ కాలపు కంటోన్మెంటు బంగళాల కిటికీల మీద 'మంకీ టాప్' అని కోసుగా చెక్క గొడుగు ఉండేది, ఎండకీ వానకీ. ఇంగ్లీషువాళ్లే ఈ ఊరికి లొంగిపోయారు. మన బిల్డరు లొంగలేదు.

స్థానిక సంస్కృతి లేదన్న మాట కూడా అబద్ధం. రోమన్ స్తంభానికి బూడిదగుమ్మడికాయ, అద్దాల టవరుకు నాలుక చాపిన దిష్టిబొమ్మ కట్టుకున్నామా లేదా? ఈ ఎలివేషన్లకు ఎవరి దిష్టి తగులుతుందని మాత్రం అడక్కండి.

నిజం చెప్పాలంటే వాతావరణం ఒక్కసారి సహకరించింది. 2022 సెప్టెంబరు వానలకు ఖరీదైన విల్లాలు నీళ్లలో తేలి అచ్చం వెనిస్ అయ్యాయి. వెనిస్‌లోలా గొండోలా పడవలు లేక ఐటీవాళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు వెళ్లారు. అదొక్కటే వెలితి.

అందుకే డిసెంబరులో ఒక్క వారమైనా మంచు కురిపించే మిషన్ తెప్పించాలని మా అసోసియేషన్ మీటింగులో తీర్మానం పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. మెయింటెనెన్స్ చదరపు అడుగుకు రెండు రూపాయలు పెరుగుతుందన్నాక, మంచు తూర్పు ఈశాన్యంలో పడితే వాస్తుకు మంచిదా కాదా అన్న చర్చ మొదలై, మీటింగు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.