టీఎస్050 గారికి, మీ గొట్టం క్షేమమా?

మహారాజశ్రీ టొయోటా టీఎస్050 హైబ్రిడ్ గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ, ఇంజిన్‌లోకి గాలి నెట్టే తమ టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు గాలి మోసే గొట్టమూ కూడా క్షేమమని తలుస్తాను.

టొయోటా వారి రేసు కారైన తమరు 2020లో రిటైరయ్యారు. రిటైరైనవాళ్లకు శాలువా కప్పి, ఉన్నవీ లేనివీ కలిపి పొగడటం ఆచారం. లె మాన్ 24 గంటల రేసులో వరసగా 2018, 2019, 2020 విజేత అని మీ బయోడేటాలో పెద్దక్షరాలతో ఉంటుంది. నిజమే, కాదనను. కానీ ఆ మూడు కప్పుల కోసమైతే పనిగట్టుకుని ఉత్తరం రాసేవాడెవడు? మీరు ఓడిన తీరు చూసి అభిమానులమైనవాళ్లం మేము.

ముందు మీ వంశం సంగతి. మధ్యలో మానేసిన ఏళ్లున్నా, మీ ఇంటివాళ్లు 1985 నుంచి ఫ్రాన్సులోని ఆ ఊరికి వెళ్తూనే ఉన్నారు. 1991లో మాజ్డా వాళ్లు రోటరీ ఇంజిన్‌తో చెవులు చిల్లులు పడేలా అరిపించి, జపాన్‌కు మొదటి గెలుపు పట్టుకుపోయారు. మీవాళ్ల పేరున మాత్రం రెండో స్థానం రిజిస్ట్రీ అయిపోయింది. 1994లో గంటన్నర మిగిలి ఉండగా, ముందున్న మీ పెద్దాయనకు గేరు మార్చే కడ్డీల అమరిక విరిగింది. డ్రైవర్ జెఫ్ క్రాస్నాఫ్ చేత్తో గేరు తగిలించి, ఎలాగో పిట్‌కు, అంటే రేసు మధ్యలో రిపేర్లు చేసే చోటికి, చేర్చాడు. రెండో స్థానం. 1999లో ముందున్న బీఎండబ్ల్యూని ఆఖరి గంటలో తరుముతుంటే టైరు పేలింది. మళ్లీ రెండే. 2014లో ముందున్న కారుకు తెల్లవారుజామున వైరింగ్ కాలిపోయి ట్రాక్ మీదే ఆగిపోయింది. దానికి ఆ రెండో స్థానం కూడా దక్కలేదు.

ఇంత ఆస్తికి వారసులై తమరు 2016లో అవతరించారు. 2.4 లీటర్ల వీ6 ఇంజిను, రెండు టర్బోలు, ముందు చక్రాలకొక మోటారు, వెనక చక్రాలకొక మోటారు, అన్నీ కలిపి దాదాపు 1000 హార్స్‌పవర్. బ్రేకు వేసినప్పుడల్లా వృథా కావలసిన శక్తిని బ్యాటరీలో దాచి, మలుపు దాటగానే తీసి వాడుకునే పొదుపరి. పోర్షే, ఆడి రెండూ బరిలో ఉన్న రోజులవి. అలాంటి వాళ్ల మధ్య మీ 5వ నంబరు కారు డ్రైవర్లు డేవిడ్‌సన్, బుయెమి, నకజిమాల చేతుల మీదుగా ఒక రాత్రీ ఒక పగలూ దాటి, జూన్ 19 ఆదివారం మధ్యాహ్నానికి మొదటి స్థానంలో ఉంది. ఇంకో ఆరు నిమిషాలు ఊరికే తిరిగితే చాలు.

అప్పుడు నకజిమా రేడియోలో ఏమన్నాడో మీకు గుర్తుండే ఉంటుంది. పవర్ లేదు, పవర్ లేదు!

అయ్యా, ఆగదలచుకుంటే ఆ 13.6 కిలోమీటర్ల ట్రాక్‌లో మీకు చోటే దొరకలేదా? చెట్ల చాటున బోలెడు మలుపులున్నాయి. అవన్నీ దాటుకుని, ఫినిషింగ్ లైన్ కూడా దాటి, సరిగ్గా పిట్‌ల ఎదురుగా, మీ మెకానిక్‌లు గోడ మీద నిలబడి చూస్తుండగా, గడియారంలో మూడు నిమిషాలు మిగిలి ఉండగా ఆగారు. పోర్షే 2వ నంబరు కారు పక్కనుంచి వెళ్లిపోయింది. టర్బోకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య గాలి గొట్టం కనెక్షన్‌లో లోపమని తరవాత తేల్చారు. మోటార్లు రెండూ, బ్యాటరీ, వాటి వెనకున్న ఇంజినీర్ల చదువులు, అన్నీ కలిసి ఆ ఒక్క కనెక్షన్ ముందు చేతులు కట్టుకున్నాయి.

పోనీ రెండో స్థానమైనా నిలిచిందా? మీరు మళ్లీ కదిలి, ఆఖరి ల్యాపు, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, ముగించడానికి దాదాపు 12 నిమిషాలు తీసుకున్నారు. రూలు ప్రకారం ఆరు నిమిషాల్లో ముగించాలట. కాబట్టి 384 ల్యాపులు తిరిగిన కారుకు ఫలితాల్లో స్థానమే లేదు. గెలిచిన పోర్షే తిరిగిందీ 384 ల్యాపులే. ఆ రూలు రాసిన మహానుభావుడికి వేరే ఉత్తరం రాస్తాను.

మరుసటి ఏడాది మూడు కార్లతో దిగారు. రేసుకు ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో మీ డ్రైవర్ కొబయాషి 3 నిమిషాల 14.791 సెకన్లలో చుట్టేసి రికార్డు కొట్టాడు. ఇంక ఆపేదెవరు అనుకున్నాం. ఒక బొటనవేలు ఆపింది. రాత్రి అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు తిరుగుతుండగా, పిట్‌ల నుంచి బయటికెళ్లే దారిలో మీ 7వ నంబరు కారు ఎర్రలైటు దగ్గర నిలబడి ఉంది. వేరే జట్టు డ్రైవరొకాయన రేసు దుస్తుల్లో వచ్చి, అభిమానం కొద్దీ 'ఆల్ ది బెస్ట్' అన్నట్టు వేలెత్తి చూపించాడు. కొబయాషి ఆయన్ని మార్షల్, అంటే ట్రాక్ సిబ్బంది, అనుకుని కదిలాడు. జట్టు ఆగమంది, ఆగాడు. మళ్లీ కదిలాడు. తమరేమో పిట్ నుంచి కరెంటు మోటారుతో కదిలే అలవాటున్నవారు. ఇంజిన్‌తో, క్లచ్ మీద అలా ఆగి కదలడం తమ ఒంటికి పడదు. క్లచ్ కాలిపోయింది. ఆ వెంటనే 9వ నంబరు కారును వెనకనుంచి ఇంకో కారు గుద్దింది, అదీ ఇంటికే. శత్రువులు కుట్ర పన్నినా ఇంత చక్కగా కుదరదు.

తరవాతే గెలుపులు. 2016 చివర ఆడి వెళ్లిపోయింది, 2017 చివర పోర్షే వెళ్లిపోయింది. హైబ్రిడ్ కార్ల కంపెనీల్లో మిగిలింది తమరొక్కరే. 2018లో మీ కార్లు మొదటి, రెండో స్థానాల్లో వచ్చాయి, మూడోవాడు 12 ల్యాపులు వెనక. ఎవరూ లేకపోయినా మీ జట్టుకు మీ మీద నమ్మకం కుదరక, కావాలని రిపేర్లు సృష్టించి ప్రాక్టీసు చేసిందట. సొంత కారును అంత బాగా అర్థం చేసుకున్న జట్టు ఇంకోటి ఉండదు. ఆఖరి గంటల్లో స్టీరింగ్ నకజిమాకే ఇచ్చారు. ఆ ఒక్క నిర్ణయానికి మాత్రం వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌ రేసులో రెండు కార్లూ ముందొచ్చాయి. తనిఖీలో కింది భాగం నిబంధనకు నిలవలేదని రెంటినీ డిస్‌క్వాలిఫై చేశారు. పోటీ లేనప్పుడు ఓడటం కూడా ఒక విద్యే.

2019లో ఇంకో గంట ఉందనగా ముందున్నది 7వ నంబరు. టైరు పంక్చరైందని సెన్సర్ చెప్పింది. పిట్‌కొచ్చి, సెన్సర్ చూపించిన టైరు మార్చారు. సెన్సర్ వైర్లు తారుమారయ్యాయి, పంక్చరైంది వేరే టైరు. మళ్లీ పిట్‌కు రావాల్సి వచ్చింది, మీ ఇంకో కారు 8వ నంబరు గెలిచింది. 2020లోనూ కొబయాషి, కాన్వే, లోపెజ్‌ల 7వ నంబరు ముందుండగా టర్బో దగ్గర తేడా వచ్చింది, మళ్లీ 8 గెలిచింది. రెండూ మీ పిల్లలే కదా, ఆ సవతి ప్రేమ దేనికో!

మీ బుయెమి గారు మా హైదరాబాద్ కూడా వచ్చారు లెండి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసులో మూడో స్థానంలో ముగించారు. పరిమితికి మించి పవర్ వాడారని పెనాల్టీ వేసి కిందికి దించేశారు. అక్కడ పవర్ లేక పోయింది, ఇక్కడ ఎక్కువై పోయింది.

ఇట్లు,
2016 నాటి 384 ల్యాపుల అభిమాని

తా.క. మీ వారసుడు జీఆర్010 2021లో వచ్చాడు. వంశాచారం తప్పకుండా ఇంధనం సరిగ్గా అందక రెండు కార్లూ సతాయించాయి. డ్రైవర్లు నడుపుతూనే ఏవో తంటాలు పడి గట్టెక్కించారు. గెలిచింది ఎవరనుకున్నారు? 7వ నంబరు. 2023లో ఫెరారీ యాభై ఏళ్ల తరవాత పెద్ద తరగతికి తిరిగొచ్చి, వచ్చిన ఏడాదే గెలిచింది. మీవాళ్లది రెండో స్థానం.