తక్కువ ఖర్చులో నీలిరంగు

ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్ర తీరం ఉండగా మనవాళ్లు అప్పు చేసి మరీ మాల్దీవులకు ఎందుకు పోతున్నారని కొందరు పెద్దలు తరచూ బాధపడుతుంటారు. వాళ్లకు అసలు విషయం బోధపడలేదు. మనవాడు సముద్రం కోసం పోవడం లేదు, రంగు కోసం పోతున్నాడు.

సూర్యలంకలో అలలున్నాయి, ఇసుక ఉంది, వేడి వేడి చేప వేపుడు ఉంది, పార్కింగ్ దగ్గర గొడవ కూడా ఉంది. లేనిదల్లా ఆ రంగే. కృష్ణా గోదావరులు ఎక్కడెక్కడి మట్టినో మోసుకొచ్చి మన తీరంలో కలుపుతాయి కాబట్టి నీళ్లు గోధుమరంగులో ఉంటాయి. రైతుకు ఆ మట్టి వరం, డీపీకి శాపం. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన మాట నిజమే గానీ, ఆ నీలం జెండాలో కనిపించినంతగా ఫొటోలో కనిపించదని అనుభవజ్ఞులు అంటారు.

మాల్దీవుల్లో నదుల్లేవు. మట్టి వచ్చే దారి లేదు. లోతు తక్కువ నీళ్లు, అడుగున తెల్లటి ఇసుక, నడినెత్తిన ఎండ, ఈ మూడూ కలిస్తే ఆ రంగు పుడుతుంది. ఆ ఇసుకలో చాలా భాగం చిలక చేపల పుణ్యం. అవి పగడపు రాళ్ల మీది నాచు కోసం రాయిని కూడా కొరికి నమిలేసి, అరగని సున్నాన్ని వెనక నుంచి వదులుతాయి. పెద్ద చేప అయితే ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారు చేస్తుంది. కొత్త దంపతులు చేయీ చేయీ పట్టుకుని నడిచేది దాని మీదే. ఈ సంగతి ట్రావెల్ ఏజెంటు చెప్పడు. అడిగినా ‘సాఫ్ట్ శాండ్ సార్’ అని ఊరుకుంటాడు.

ఆ రంగును మధ్యతరగతి మనిషి తక్కువ ఖర్చులో ఎలా సంపాదించాలన్నదే ఈ వ్యాసం. దేశంలో ఇంతకన్నా పెద్ద సమస్యలు లేవా అంటే, ఉన్నాయి. వాటికి ఈఎంఐ సౌకర్యం లేదు.

ముందుగా ముహూర్తం. అక్కడ డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. రంగు బాగా పండేది అప్పుడే, ధరలు మండేదీ అప్పుడే. మన పిల్లలకు బడి సెలవులేమో ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారం దాకా. మే నెలలో నైరుతి రుతుపవనాలు మాల్దీవుల మీదికి దిగుతాయి, వాటితో పాటు గదుల అద్దెలూ దిగుతాయి. సెలవులూ కలిశాయి, రేటూ కలిసింది. దీన్ని దైవ సంకల్పంగా భావించి మనవాళ్లు మే చివరి వారానికి టికెట్లు తీస్తారు. మబ్బు పట్టిందంటే నీళ్లు బూడిదరంగుకు తిరుగుతాయి. అయినా టెన్షన్ పడక్కర్లేదు. ఫోన్‌లో ఫొటో ఎడిటింగ్‌కు పోతే శాచురేషన్ అని ఒక గీత ఉంటుంది. దాన్ని కుడివైపుకు లాగితే తుపాను రోజున కూడా నీలం వస్తుంది. ‘ఆ గీతేదో సూర్యలంక ఫొటో మీదే లాగొచ్చు కదరా’ అని మా పెదనాన్న అడిగారు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం సంస్కారం కాదు కాబట్టి ఎవరూ జవాబివ్వలేదు.

ప్రణాళిక ఎలా ఉండాలో తెలియాలంటే మా బావమరిది ఎక్సెల్ షీట్ చూడాలి. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. ఆఫీసులో కూడా అంత శ్రద్ధగా షీట్ చేసి ఉండడు. మొదటి వరుసలో ‘నీళ్ల మీది విల్లా’ అని రాసి, ఒక్క రాత్రి అద్దె ఎదురుగా వేశాడు. రెండో వరుసలో సీప్లేన్. అది దూరపు రిసార్టులకు తీసుకెళ్లే చిన్న విమానం. మనిషికి రానూపోనూ వందల డాలర్లు. పైగా పగటి వెలుతురులోనే ఎగురుతుంది. రెండు వరుసలూ కూడి చూసి కాసేపు మౌనంగా కూర్చున్నాడు. ఆ తర్వాత వాటిని డిలీట్ చేయలేదు, హైడ్ చేశాడు. ఆశ అంత త్వరగా చావదు.

ఇక్కడ కొంత చరిత్ర అవసరం. ఆ దేశంలో 1,190కి పైగా దీవులున్నాయి, జనం ఉండేవి వాటిలో 200కు లోపే. పర్యాటకులను చాలా ఏళ్లు రిసార్టు దీవులకే పరిమితం చేశారు. ఊళ్లున్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లకు తలుపులు తెరిచింది 2010 ప్రాంతంలో. అప్పటి నుంచి 50, 60 డాలర్లకు కూడా గది దొరుకుతోంది. అలా పేరు మోసిన దీవి మాఫుషి. రాజధాని మాలేకు దక్షిణాన ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంట నడక. ఒక వైపు వరసగా గెస్ట్‌హౌస్‌లు, ఇంకో కొసన ఆ దేశపు పెద్ద జైలు. ఇద్దరికీ నాలుగు పక్కలా అదే సముద్రం. జైల్లో వాళ్లకు భోజనం, వసతి ఉచితం కూడా. బడ్జెట్ యాత్రికులు ఈ కోణాన్ని ఇంకా లోతుగా పరిశీలించినట్టు లేదు.

దేశభక్తి ఖర్చును కూడా షీట్‌లో ఎక్కడో ఒకచోట వేసుకోవాలి. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ ఫొటోలు, వాటి మీద మాల్దీవుల ఉపమంత్రుల నోటి దురుసు, వాళ్ల సస్పెన్షన్, ఇవన్నీ అయ్యాక మనవాళ్లు మాల్దీవులను బహిష్కరించారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే ట్రిప్ రద్దు చేసుకుంటున్నామని బోలెడంత మంది ప్రకటించారు. టికెట్ కొన్న వాళ్లకన్నా రద్దు చేసుకున్న వాళ్లే ఎక్కువ తేలారు. నిజంగా కొన్నవాళ్లు మాత్రం ఆ రోజు గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా పెట్టలేదు. నాన్ రిఫండబుల్ టికెట్ మరి. ఇంకొందరు పట్టుదలగా లక్షద్వీప్ వైపు తిరిగారు. అక్కడికి పర్మిట్ కావాలి, కొచ్చి నుంచి చిన్న విమానంలో అగత్తికి పోవాలి, గదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లెక్కలు వేసి చూసుకున్నాక ఆవేశం క్రమంగా తగ్గింది. 2025 జులైలో మాల్దీవుల స్వాతంత్ర్య దినోత్సవానికి ప్రధానే ముఖ్య అతిథిగా వెళ్లి రావడంతో అందరి మనస్సాక్షికీ క్లియరెన్స్ వచ్చేసింది.

ఇక పన్నులు. మాల్దీవులకు వీసా ముందుగా తీసుకోనక్కర్లేదు, దిగగానే ఉచితంగా ఇస్తారు. రిటర్న్ టికెట్, గది బుకింగ్ చూపించి, ప్రయాణానికి 96 గంటల ముందు తెరుచుకునే ఆన్‌లైన్ ఫారం నింపితే చాలు. లోపలికి రావడం ఉచితం, బయటికి పోవడమే ఖరీదు. విదేశీయుడు ఎకానమీ క్లాసులో ఆ దేశం విడిచి పోవాలంటే డిపార్చర్ ట్యాక్స్ 50 డాలర్లు, విమానాశ్రయ అభివృద్ధికి మరో 50 డాలర్లు. 2024 డిసెంబరు నుంచి ఇదీ రేటు. నలుగురున్న కుటుంబానికి 400 డాలర్లు. టికెట్‌లోనే కలిపేస్తారు కాబట్టి నొప్పి తెలియదు. విడదీసి చూసే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఆ సెలవు దండగే. మా బావమరిది విడదీశాడు.

నీలి నీళ్లు చూసినందుకు గ్రీన్ ట్యాక్స్ వేరే ఉంది. చిన్న గెస్ట్‌హౌస్‌లో అయితే మనిషికి రోజుకు 6 డాలర్లు, రిసార్టులో 12. ఆ పైన పర్యాటక జీఎస్టీ 17 శాతం, సర్వీస్ చార్జి 10 శాతం. మెనూలో ధర పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే అవి అలంకారం కోసం వేసినవి కావు. ఎక్సెల్‌లో ‘ఇతరములు’ అనే వరుస మొదట అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా చిన్న అంకెతో ఉండేది. క్రమంగా అదే ఇంటి పెద్ద అయింది.

టికెట్ ధర తక్కువని బావమరిది గురువారం సాయంత్రం దిగే విమానం ఎంచుకున్నాడు. చీకటి పడ్డాక దీవికి పోయే పడవలు దొరకడం కష్టం. అందుకని విమానాశ్రయం పక్కనున్న హుళుమాలేలో ఒక రాత్రి గది. పొద్దున లేచి రెండు మూడు డాలర్లకే తీసుకెళ్లే ప్రభుత్వ ఫెర్రీ కోసం వెతికితే, శుక్రవారం ఫెర్రీకి సెలవు. ఇస్లామిక్ దేశం, జుమ్మా రోజు, ఆ మాత్రం ముందే తెలుసుకోవాల్సింది. చివరికి మనిషికి పాతిక డాలర్ల స్పీడ్‌బోటే గతి. విమానంలో మిగిల్చింది గదికి పోయింది, గదిలో మిగల్చాలనుకున్నది పడవకు పోయింది. ‘అవరేజ్ చేస్తే లాభమే బావా’ అన్నాడు. దేనితో అవరేజ్ అని నేను అడగలేదు.

తిండి సంగతి ఇంట్లో ఆడవాళ్ల శాఖ. అక్కడి వాళ్లు పొద్దున్నే మస్ హునీ తింటారు. ట్యూనా చేప, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి రొట్టెతో నంజుకుంటారు. నిజం చెప్పాలంటే మన నోటికి బ్రహ్మాండంగా పడుతుంది. కానీ పోకముందే బావమరిది ఇంట్లో మొగుడూ పెళ్లాల సంభాషణ ఇలా నడిచింది.

“ఏవండీ, అక్కడ అన్నం దొరకదా?”

“దొరుకుతుంది. ప్లేటు ఎనిమిది డాలర్లట.”

“అయితే చిన్న రైస్ కుక్కర్ పెట్టేస్తాను.”

ఎనిమిదిని తొంభైతో గుణించగల ఏ ఇల్లాలైనా ఇదే మాట అంటుంది. చెకిన్ సామాను మనిషికి 15 కిలోలు. స్ప్రింగ్ త్రాసుకు సూట్‌కేసు తగిలించి, మామగారు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, బావమరిది వంగి ముల్లు చదివాడు. పదహారున్నర. ఆవకాయ సీసా తీస్తారా, ఈత దుస్తులు తీస్తారా అన్న ప్రశ్న వచ్చింది. ఈత దుస్తులు బరువుండవని వాటి జోలికి పోలేదు, ఆవకాయ జోలికీ పోలేదు, చివరికి పిల్లల పుస్తకాలు బయటికొచ్చాయి. డ్యూటీ ఫ్రీలో సీసా కొనే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మనవి. మాల్దీవుల కస్టమ్స్ దాన్ని పట్టుకుని రసీదు ఇస్తుంది, తిరిగి పోయేటప్పుడు ఇస్తుంది. ఊళ్లున్న దీవుల్లో మందు నిషేధం. తప్పదనుకునే వాళ్ల కోసం మాఫుషికి కాస్త దూరంలో సముద్రంలో లంగరేసిన పడవ బారు ఒకటుంది, చిన్న పడవలో తీసుకెళ్లి దింపుతారు. ఈత దుస్తులకు కూడా వేరే బీచ్ ఉంది, చుట్టూ తడికలు కట్టి. మిగతా ఊళ్లో ఒద్దికగా తిరగాలి. ఈ నిబంధనలన్నీ విన్న మా అత్తగారు తొలిసారి ఆ దేశం మీద సదభిప్రాయం ప్రకటించారు.

అయితే ఈ యాత్రలో తప్పక చూడవలసింది శాండ్‌బ్యాంక్. నడి సముద్రంలో నీటి మట్టానికి కాస్త పైకి తేలిన ఇసుక దిబ్బ. చెట్టు లేదు, పుట్ట లేదు, మనిషి అలికిడి లేదు అని బ్రోచర్‌లో రాస్తారు. పోయి చూస్తే నాలుగు పడవల జనం ఉంటారు. అందరూ ఏకాంతం కోసం వచ్చినవాళ్లే. అక్కడ ఎవరూ చెప్పకుండానే ఒక కట్టుబాటు నడుస్తుంది. పుణె జంట ఫొటో దిగుతుంటే మిగతా వాళ్లందరూ గొడుగులు, చెప్పులు, పిల్లలతో సహా దిబ్బ అవతలి అంచుకు జరుగుతారు. పుణె వాళ్లది అయ్యాక సూరత్ కుటుంబం. ఆ తర్వాత మనవాళ్లు. పక్కవాడి ఫ్రేములోంచి ఒక కాలు వెనక్కి లాక్కోవడంలో అక్కడ కనిపించే మర్యాద, మన రేషన్ షాపు క్యూలో ఎన్నడూ చూడలేదు. మా బావమరిది రెండు చేతులూ చాచి, తల కాస్త పైకెత్తి, ప్రపంచంలో తానొక్కడే మిగిలినట్టు నిలబడ్డాడు. ఆ ఫొటోలో కనిపించని వాళ్లు ముప్పై మందికి తక్కువ ఉండరు. అందులో ఒకరు వాడి భార్య, చెప్పులూ సంచీ పట్టుకుని.

విల్లా ఫొటోకు కూడా మార్గముంది. మాఫుషి నుంచి పక్క రిసార్టుకు డే పాస్ అమ్ముతారు. పొద్దున పోయి సాయంత్రం తిరిగి రావాలి. విల్లాల్లోకి రానివ్వరు, కానీ వాటివైపు పోయే చెక్క వంతెన దగ్గర నిలబడితే వెనక వరసగా పడతాయి. ‘మా స్టే’ అని రాయనక్కర్లేదు. లొకేషన్‌లో రిసార్టు పేరు పెట్టి, కింద ఒక సూర్యుడి బొమ్మ, ఒక తాటాకు గొడుగు బొమ్మ వేస్తే చాలు. మిగిలింది చూసేవాళ్ల అపోహ, దానికి మనం బాధ్యులం కాము. హైడ్ చేసిన ఆ రెండు వరుసలూ ఈ విధంగా సార్థకమయ్యాయి.

తిరిగొచ్చాక ఖర్చు ఎంతయిందన్న ప్రశ్నకు ప్రతి ఇంట్లోనూ రెండు రేట్లు ఉండాలి. ఆఫీసులో అడిగితే ఒకటి, చేబదులు ఇచ్చిన మేనమామ అడిగితే ఇంకొకటి. ఈ రెండిటి మధ్య తేడాతో ఇంకో కుటుంబం హాయిగా మాల్దీవులు చూసి రావచ్చు. అసలు మొత్తం ఎక్సెల్‌లో ఉంది, దానికి పాస్‌వర్డ్ పెట్టాడు.

వచ్చే ఏడాదికి బాలి అనుకుంటున్నారు. కొత్త షీట్ మొదలైంది. ఈసారి పాస్‌వర్డ్ పెట్టడం మరిచిపోవడంతో మామగారి కంట పడింది. ఇండోనేషియాలో దిగగానే ఇచ్చే వీసాకు మనిషికి 5 లక్షల రూపియాలు, బాలి పర్యాటక సుంకం ఇంకో లక్షన్నర. మన డబ్బుల్లో రెండూ కలిపి మూడున్నర వేలకు అటూ ఇటూ. కానీ బావమరిది కరెన్సీ పేరు వేయకుండా అంకెలే వేశాడు. నలుగురికి వీసా 20,00,000, సుంకం 6,00,000. మామగారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివి, లోపలికి వెళ్లి షాద్‌నగర్ ప్లాటు కాగితాలు బయటికి తీశారు. “అమ్మితే ఇప్పుడే అమ్మాల్రా, రేటు బాగుంది” అన్నారు.

బావమరిది అది రూపియా అని ఇంకా చెప్పలేదు. నీళ్ల మీది విల్లా వరుసను మాత్రం అన్‌హైడ్ చేశాడు.