జేడ్ కవచం గారికి, ఒక కుట్టుకూలి ఫిర్యాదు

మాన్‌చెంగ్ కొండ సమాధి, చైనాలోని హెబెయ్ నుంచి వేంచేసిన జేడ్ కవచం గారికి,

నమస్కారాలు. ముందు మీ లెక్క చూద్దాం. 2,498 పచ్చరాతి (జేడ్ అంటే అదే) పలకలు, ఒక్కోదానికి మూలల్లో చిల్లులు, ఆ చిల్లుల్లో దూర్చి ముడివేసిన బంగారు తీగ సుమారు 1,100 గ్రాములు. మీలాంటిదాన్ని కుట్టడానికి ఒక పనివాడికి పదేళ్లు పట్టేదని అంచనా. జాకెట్టుకి రెండు వారాలు తిప్పించుకునే మా వీధి టైలర్‌ని ఇక ఏమీ అనను.

మీకప్పజెప్పిన పని మాత్రం ఒక్కటే. క్రీ.పూ. 113లో పోయిన జోంగ్‌షాన్ రాజు లియూ షెంగ్ ఒళ్లు చెడకుండా చూడటం. జేడ్ ఉంటే శవం కుళ్లదని హాన్ రాజవంశ కాలపు పెద్దింటివాళ్ల నమ్మకం. అందుకే నవరంధ్రాలకూ జేడ్ బిరడాలు పెట్టారు (ముక్కు, చెవులు సరే, మిగతావి ఇక్కడ రాస్తే బాగుండదు). సమాధి ద్వారానికి రెండు ఇటుక గోడలు కట్టి, మధ్యలో ఇనుము కరిగించి పోశారు. దొంగలు రాలేదు, ఒప్పుకుంటాను. 1968లో సైనికులు తవ్వకాల్లో అనుకోకుండా లోపలికి వచ్చేసరికి మీరు నేలమీద చదునుగా కూలబడి ఉన్నారు. రాజుగారు? మట్టిలో కలిసిపోయారు. పైన పటారం, లోన లొటారం.

పక్కసమాధిలో రాణి దౌ వాన్‌కి కుట్టిన 2,160 పలకలదీ ఇదే భాగోతం.

ఇప్పుడు చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్ సంగతి వినండి. మీ రాజుగారికంటే సుమారు యాభై ఏళ్ల ముందే పోయిన దొరసాని షిన్ ఝుయ్. జేడ్ కవచం లేదు. ఇరవై పొరల బట్టలు, ఒకదాన్లో ఒకటి నాలుగు పెట్టెలు, చుట్టూ బొగ్గు, దానిమీద తెల్ల బంకమన్ను. 1972లో తీసి చూస్తే చర్మం మెత్తగా ఉంది, కీళ్లు వంగుతున్నాయి, పొట్టా పేగుల్లో పోయేముందు తిన్న కర్బూజ గింజలు 138 దొరికాయి. కూర్చుని వాటిని లెక్కపెట్టిన డాక్టర్ల ఓపికకో దండం!

క్రీ.శ. 222లో వెయ్ రాజ్యపు చక్రవర్తి చావ్ పీ మీ జాతినే వద్దన్నాడు. దొంగలు తీగల కోసం కవచాన్ని ఎముకలతో సహా కాల్చేస్తున్నారని. అంటే కాపాడాల్సింది మీరైతే, నిప్పు పెట్టించిందీ మీరే.

ఆ పదేళ్ల కుట్టుకూలి ఎవరి ఖాతాలో రాయమంటారు?

ఇట్లు,
బొగ్గుబస్తా అభిమాని