కొసరు ఉకారం గారికి, కోర్టుపేట నుంచి

మహారాజశ్రీ కొసరు ఉకారం గారికి,

ఒడిశాలోని బరంపురం కోర్టుపేట నుంచి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టువాడు రాయునది. ఉభయకుశలోపరి. (మొదటి అక్షరంలోనే దూరిపోయారు, చూసుకోండి.)

నా నోట్లో మీరు యాభై ఏడేళ్లుగా అద్దె కట్టకుండా కాపురం ఉంటున్నారు. ఇంగ్లీషు వాడు బస్ అని వదిలేసిన చోట నేను బస్సు అంటాను. పెన్ అన్న చోట పెన్ను. మా కొట్లో బల్బు, ఫ్యాను, వైరు, ప్లగ్గు, హోల్డరు, మీటరు, ఏ సరుకు పేరెత్తినా చివర్న మీరు కూర్చునే ఉంటారు. రేటు చెబుదామంటే ఆ రేటులోనూ మీరే. చ, జ అక్షరాల పక్కన కూర్చోడానికి మాత్రం మీకు మొహమాటం కాబోలు, అక్కడికి తమ్ముడు ఇకారాన్ని పంపిస్తారు. అందుకే స్విచ్చి, బెంచీ, కాలేజీ. ముందు హ్రస్వం కనబడితే ఒక ఒత్తు కూడా చేతిలో పెడతారు: కప్పు, బిల్లు, పెన్ను. దీర్ఘం ఉంటే ఒత్తు లేదు: లైటు, కేకు, కోటు. మరి రోడ్డుకి దీర్ఘమూ ఇచ్చి ఒత్తూ ఎందుకిచ్చారండీ? మా వీధిలో గతుకులు చూసి జాలిపడ్డారా?

ఇంత అన్యోన్యంగా ఉంటున్న మీమీద ఫిర్యాదేమిటంటారా? చెబుతాను.

మొన్న ఇచ్ఛాపురంలో పెళ్లికి వెళ్లాలని పాత బస్టాండుకి వెళ్లాను. నేను పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివినవాణ్ని. బేరం ఒడియాలో ఆడతాను, కోపం వస్తే తిట్టడం కూడా ఒడియాలోనే. కండక్టర్ని చూసి దర్జాగా "ఇచ్ఛాపుర బస్సు కెతెబెళె ఛాడిబొ?" అని అడిగాను. వ్యాకరణంలో తప్పు లేదు, యాస అచ్చం మా గంజాం జిల్లా యాస. అతను తల కూడా ఎత్తకుండా, "ఇప్పుడే ఎల్తాది బాబూ, ఎక్కండి" అన్నాడు.

"నేను తెలుగువాణ్నని నీకెలా తెలిసింది?" అన్నాను.

"బస్సన్నారు కదేటండీ" అన్నాడు.

యాభై ఏళ్ల ఒడియా, మీ ఒక్క అక్షరంతో బస్టాండులో బోల్తా పడింది. టిక్కెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. టిక్కెట్టులో కూడా ఉన్నారని అప్పుడే తట్టింది.

పోనీ ఒడియావాళ్లకి పదం చివర అచ్చు పలకడం చేతకాదా అంటే, అదీ కాదు. హిందీవాడు ఘర్, హాథ్, ఫూల్ అని తుంచేస్తే మా పక్కింటి ఒడియా బాబు ఘొరొ, హాతొ, ఫులొ అని నోరు గుండ్రంగా తిప్పి మరీ ముగిస్తాడు. కానీ ఇంగ్లీషు మాట వచ్చేసరికి నీటుగా బస్ అని ఆపేస్తాడు. సొంత ఇంటికి తోక పెట్టి, అరువు సొమ్ముని కత్తిరించి వాడే జాగ్రత్తపరుడు. మనం ఇంటికీ పెడతాం, అరువుకీ పెడతాం.

ఆయనకి వకారంతో వేరే తంటా ఉంది, అది ఆయన ఉత్తరంలో రాసుకుంటాడు. ఎన్నికలప్పుడు మా వీధిలో ఒక ఆటో "భోట్ దిఅంతు" అని మైకులో అరుస్తూ పోతే, దాని వెనకే ఇంకొకటి "మీ అమూల్యమైన ఓటు" అంటూ వస్తుంది. వాళ్లు వకారానికి బలం ఇంజెక్షన్ పొడిచారు. మనం దాన్ని మొదట్లోనే మింగేసి, చివర్న మిమ్మల్ని తగిలించాం.

మే నెలలో ఒకరోజు కొట్టుకి స్టెబిలైజరు కోసం ఒకాయన వచ్చాడు. "భోల్టేజ్ బహుత్ కమ్" అన్నాడు. లోపలి కుర్చీలోంచి మా నాన్న "ఓల్టేజీ ఈ వీధంతా అంతే బాబూ" అన్నాడు. భువనేశ్వర్‌లో బీటెక్ చదువుతూ సెలవులకొచ్చిన మా అమ్మాయి, పై పెదవిని పళ్లకింద పెట్టబోయి, సర్దుకుని కింది పెదవిని పెట్టి, "వోల్టేజ్, తాతయ్యా" అని దిద్దింది. మూడు రకాలుగా పిలిచినా అది మాత్రం ఆ సాయంత్రం రాలేదు.

మీకు అసలు ప్రమాదం మా అమ్మాయి నుంచే. "నాన్నా, ఫ్యానూ లైటూ ఏంటి? వెనకాల ఆ ఊ ఎందుకు? మా ఫ్రెండ్స్ నవ్వుతారు" అంటుంది. మా నాన్న టేసను, ఇస్కూలు, గౌర్నమెంటు అంటాడు. నేను స్టేషను దాకా ఎదిగాను. అది స్టేషన్ అని గొళ్లెం పెట్టేస్తుంది. మా నాన్నది షెడ్యూలు, దానిది స్కెడ్యూల్. 'షె' అంటే బ్రిటన్ పలుకుబడి, 'స్కె' అంటే అమెరికాది, రెంటికీ డిక్షనరీలో కుర్చీలున్నాయి. చివర్న 'లు' అంటే మాత్రం పల్లెటూరు!

ఆ బ్రిటన్ వాడు మన ఊళ్లని ఏం చేశాడో ఎవరూ అడగరు. కాకినాడని కోకనాడ చేశాడు. విశాఖపట్నం నోరు తిరక్క వైజాగపటాం అన్నాడు. శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసుకున్నాడు, అంతకన్నా చికాకు ఏముంది? వాణ్ని చూసి ఏ ఫ్రెండ్సూ నవ్వలేదు.

మీ తరఫున వాదించగలిగిన పెద్దమనిషి ఒకాయన ఇక్కడికి దగ్గర్లోనే ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పండితులతో తగువు పడ్డారు. అలాంటివారి పుణ్యాన మీరు ఇవాళ పేపర్లో కూడా దర్జాగా బస్సు ఎక్కుతున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిస్తే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. బరంపురమూ అప్పుడే ఇటు వచ్చింది. మీకు మాత్రం ఎవరూ బదిలీ కాగితం ఇవ్వలేదు. మా నోళ్లలోనే ఉండిపోయారు.

అయినా మిమ్మల్ని ఖాళీ చేయమని నోటీసు ఇద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తుండగా భువనేశ్వర్ నుంచి అమ్మాయి ఫోను. "అమ్మా, బస్ ఎక్కలేదు, ఇవాళ స్ట్రైక్, బస్సులు లేవు" అంటోంది వాళ్లమ్మతో. నేను పెన్ను కింద పెట్టేశాను. ఒక బస్ ఉంటే మీరు అక్కర్లేదు. రెండోది వస్తే మీరు లేకుండా దానికీ నోరు తిరగదు! ఫోను లాక్కుని ఆ మాటే అడిగాను. "అది గ్రామర్, నాన్నా" అని పెట్టేసింది.

కాబట్టి నోటీసు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క మనవి మాత్రం. వచ్చే ఆదివారం దాని స్నేహితులు నలుగురు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. పదింటి నుంచి నాలుగింటి దాకా మీరు కాస్త బయట తిరిగి రండి. వరండాలో మా నాన్న ఉంటాడు, ఆయన పూచీ నాది కాదు. నా వరకు నిన్న రాత్రి అద్దం ముందు నిలబడి 'గ్లాస్' అని ప్రాక్టీసు చేశాను. 'స్' దగ్గర ఆగాను. పెదాలు వాటంతట అవే ముందుకొచ్చి సున్నాలా చుట్టుకుని, గట్టున పడ్డ చేపలా మీకోసం చూస్తూ ఉండిపోయాయి. మా ఆవిడ వెనక నుంచి చూసి, "పంటి నొప్పా? డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అంది.

ఇట్లు,
మీ విధేయుడు
(సంతకం దగ్గరైనా వదలరు కదా!)