ఆర్థర్ మహారాజు మీద బురద

బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు కథను సినిమావాళ్లు భ్రష్టు పట్టిస్తున్నారని కొందరు పండితులు చేస్తున్న ఆరోపణను ఈ వ్యాసకర్త తీవ్రంగా ఖండిస్తున్నాడు. ఎన్నడూ ఒక్క తీరుగా ఉండని కథను పాడు చేయడం ఎవరి తరం? 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే మతాచార్యుడు లాటిన్‌లో బ్రిటన్ రాజుల చరిత్ర రాస్తూ, తన దగ్గరొక అతి ప్రాచీన గ్రంథం ఉందనీ, తాను దాన్ని అనువదిస్తున్నానంతే అనీ చెప్పుకున్నాడు. ఆ గ్రంథం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. "యథార్థ గాథ ఆధారంగా" అని తెర మీద వేసే సంప్రదాయానికి ఆద్యుడు ఆ మహానుభావుడే. ఆర్థర్ తన వీరులతో కూర్చునే ఆ ప్రసిద్ధ గుండ్రటి బల్ల ఆయన పుస్తకంలో లేదు. దాన్ని 1155లో వేస్ అనే కవి తెచ్చి వేశాడు. లాన్సెలాట్ కూడా లేడు. అతణ్ని ఆ తర్వాత ఫ్రాన్స్ నుంచి క్రెటియెన్ ద త్రువా పంపించాడు. వచ్చీ రాగానే ఆ వీరుడు రాజుగారి భార్యను ప్రేమించే పనిలో పడ్డాడు.

అంతకు ముందు మాటేమిటంటారా? తొమ్మిదో శతాబ్దపు గ్రంథం ఒకటి ఉంది. బేడన్ కొండ యుద్ధంలో ఆర్థర్ ఒక్కడే, ఒక్క దాడిలోనే 960 మందిని నేలకూల్చాడని అందులో ఉంది. మన ఫైట్ మాస్టర్లు ఈ అంకెను గమనించ ప్రార్థన.

రాజకుటుంబాలు కూడా ఈ కళాసేవలో వెనకబడలేదు. ఇంగ్లండ్‌లోని వించెస్టర్ కోట మందిరంలో గోడకు ఒక పెద్ద గుండ్రటి బల్ల వేలాడుతూ ఉంటుంది. అది పదమూడో శతాబ్దపు వడ్రంగుల పని. ఎనిమిదో హెన్రీ దాని మీద రంగులు వేయించాడు. అందులో సింహాసనం మీద కూర్చున్న ఆర్థర్ మొహం అచ్చంగా హెన్రీ మొహంలాగే ఉందంటారు. నిర్మాతే కథానాయకుడి వేషం వేసుకోవడం హైదరాబాదులో పుట్టిన జబ్బు కాదని ఇందుమూలంగా రుజువవుతోంది.

ఇక సినిమాలకు వద్దాం. 1981లో జాన్ బూర్మన్ తీసిన 'ఎక్స్‌కాలిబర్'లో కవచాలు అద్దాల్లా మెరుస్తాయి. అవి ఆ కథాకాలానికి వెయ్యేళ్ల తర్వాతి కవచాలన్నది వేరే సంగతి. ఊథర్ రాజుకు వాటి మీద ఎంత మమకారమంటే, పరాయివాడి భార్య పడకగదికి వెళ్లినప్పుడు కూడా ఒంటి మీది ఇనుము విప్పడు. ఆ రాత్రి ఫలితమే ఆర్థర్ అని కథ. ప్రేక్షకుడు మాత్రం మరలూ కీళ్లూ ఎక్కడ పట్టేస్తాయోనని బెంగపెట్టుకుని కూర్చుంటాడు.

ఆ మెరుపులు చూసి విసిగిన తరం వాస్తవికతను కనిపెట్టింది. వాస్తవికత అంటే బురద. గోడలకు మసి, జుట్టుకు జిడ్డు, మాటకు ముందు ఒక గుర్రు. పలువరుస మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది, వాస్తవికతకైనా ఒక హద్దుండాలి కదా. 2004 నాటి 'కింగ్ ఆర్థర్' తెర తెరవగానే, కొత్తగా దొరికిన పురావస్తు ఆధారాలు ఈ వీరుడి అసలు రూపాన్ని బయటపెట్టాయని ప్రకటించింది. ఆ అసలు రూపం ఆర్టోరియస్ అనే రోమన్ సేనాని అట. ఆ ఇంటిపేరున్న అధికారి చరిత్రలో ఉన్న మాట నిజమే. కాకపోతే ఆయన రెండో మూడో శతాబ్దం మనిషి, సినిమా నడిచేది అయిదో శతాబ్దంలో. రెండు వందల ఏళ్లు దాటినా రిటైరు కాని ఉద్యోగి అన్నమాట. ఇంత చారిత్రక నిష్ఠ గల చిత్రంలో గ్వినివీర్ రాణి ఒంటికి నీలిరంగు పూసుకుని, నాలుగు తోలు పట్టీలు చుట్టుకుని యుద్ధానికి దిగుతుంది. పక్కనే మగవాళ్లందరూ మెడ దాకా కవచాల్లో ఉంటారు. ఇది ఏ తవ్వకాల్లో బయటపడిందో దర్శకుడు చెప్పలేదు.

అన్నిటికన్నా దయనీయం ఈ కథలోని మాంత్రికుడు మెర్లిన్ సర్వీసు రికార్డు. పన్నెండో శతాబ్దంలో ఆయన హోదా ఏమిటి! స్టోన్‌హెంజ్ రాళ్లను ఐర్లండ్ నుంచి ఇంగ్లండ్‌కు తరలించిన ఘనుడు. ఊథర్‌కు ఆ పరాయి భర్త గోర్లోయిస్ రూపం ఇచ్చి అతని ఇంటికే పంపిన మాయావి. ఇక్కడ మనకు అహల్య కథ గుర్తుకు రాక మానదు. తేడా ఒకటే, ఇంద్రుడికి శాపం దొరికింది, ఊథర్‌కు వారసుడు దొరికాడు. అలాంటి మెర్లిన్ 1963 కార్టూన్ చిత్రంలో బడిపంతులై కుర్రవాణ్ని చేపగా, ఉడతగా మార్చి పాఠాలు చెప్పుకున్నాడు. 1995లో 'ఫస్ట్ నైట్' (రాత్రి కాదు, వీరుడు అనే అర్థంలో నైట్) తీసినవారు ఆయన పోస్టునే రద్దు చేశారు. 2017లో మరమనుషుల సినిమా ఒకటి ఆయన్ను తాగుబోతుగా తేల్చింది. మంత్రశక్తి అంతా గ్రహాంతర యంత్రాలు ఇచ్చిన కర్రదేనట.

బీబీసీ వారి ధారావాహిక (2008–2012) మరీ అన్యాయం. అందులో మెర్లిన్ యువరాజు ఆర్థర్ దగ్గర పనికుర్రాడు. కవచాలు తుడుస్తాడు, గుర్రాలశాల ఊడుస్తాడు, తిట్లు తింటాడు. రాజ్యంలో మంత్రవిద్యకు మరణశిక్ష కనుక చేసే సాయమంతా దొంగచాటుగానే. ఆర్థర్ మీదికి దుండగుడు కత్తి ఎత్తగానే చెట్టుకొమ్మ విరిగి సరిగ్గా వాడి నెత్తిన పడుతుంది. నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డ మెర్లిన్ కళ్లు బంగారు రంగులో మెరుస్తాయి. యువరాజు అదంతా తన కత్తి పదును అనుకుని కదిలిపోతాడు. మొత్తం 65 భాగాలు. సంగతి ఆయనకు తెలిసేది చిట్టచివర, ప్రాణం పోయే ముందు. రాజులకు పరిపాలన తప్ప పరిశీలన అక్కర్లేదన్న సిద్ధాంతాన్ని ఇంత ఓపికగా నిరూపించిన కార్యక్రమం మరొకటి లేదు. ఆ కోట కూడా ఫ్రాన్స్‌లోని పియర్‌ఫోన్‌దే, పందొమ్మిదో శతాబ్దంలో తిరగకట్టించినది. లాన్సెలాట్ స్వదేశం కనుక అభ్యంతరం చెప్పలేం.

ఇన్ని మార్చినవారు ఒక ఘట్టం జోలికి మాత్రం పోరు. 1485లో అచ్చయిన థామస్ మాలరీ పుస్తకంలో, మే నెల మొదటి రోజున పుట్టిన బిడ్డ వల్ల రాజ్యానికి చేటని మెర్లిన్ చెబుతాడు. ఆర్థర్ ఆ రోజు పుట్టిన పసివాళ్లందరినీ పోగు చేయించి ఓడలో సముద్రం మీదికి వదిలేస్తాడు. ఓడ బద్దలవుతుంది, చేటు తెస్తాడన్న ఆ బిడ్డ మోర్డ్రెడ్ ఒక్కడూ బతుకుతాడు. మనవాళ్లు ఇలాంటి పని చేసినవాణ్ని కంసుడన్నారు, వాళ్లు ఆదర్శ ప్రభువన్నారు. బురద అంత ఇష్టమైన దర్శకులకు ఈ బురద ఎందుకు కనబడలేదో విచారించవలసి ఉంది.

మొత్తం గుంపులో నిజాయితీ గలవారు 1975లో హాస్యచిత్రం తీసిన మాంటీ పైథాన్ బృందమే. గుర్రాలకు డబ్బు లేదు కాబట్టి కొబ్బరి చిప్పలు టకటకలాడించుకుంటూ రాజుగారిని నడిపించారు. చల్లటి ఇంగ్లండ్‌లో కొబ్బరికాయ ఎలా దొరికిందని కోట మీది కాపలావాడు నిలదీస్తాడు కూడా. ఆధారాలు అడిగిన చరిత్రకారుడు ఈ సినిమాలన్నిటిలో అతనొక్కడే.

డబ్బున్నవారి సంగతి వేరు. 2017లో గై రిచీ పదిహేడున్నర కోట్ల డాలర్లతో తీసిన సినిమాలో రాయిలోని కత్తిని (లాగినవాడే రాజన్నమాట) ఎలా పట్టుకోవాలో ఆర్థర్‌కు చెప్పే సైనికుడు సాక్షాత్తూ ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హమ్. ఆరు భాగాల ప్రణాళికలో ఇది మొదటిది, వసూళ్లు పదిహేను కోట్లు కూడా దాటలేదు. చివరి దృశ్యంలో అనుచరులు సగం చెక్కిన గుండ్రటి బల్ల చుట్టూ చేరి, అదేమిటో తెలియక వింతగా చూస్తుంటారు. మిగతా అయిదు భాగాలూ రద్దయ్యాయి కనుక, ఆ బల్ల పని పూర్తయినట్టు ఇంతవరకు సమాచారం లేదు.