జీతం ఒకటేగా, వాడికా కారెలా వచ్చింది?

స్నేహితుడు కొత్త కారుకు దండేసి ఫొటో పెట్టగానే ఇంట్లో మొదలయ్యే మాట ఇదే. ఫొటోలో చక్రాల కింద నిమ్మకాయలు కనిపిస్తాయి, కిస్తీ కనిపించదు. ఒళ్లు మండేది అక్కడే! 10 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకోండి. నెలకు సుమారు 16,090 రూపాయలు. వడ్డీకే మూడున్నర లక్షలు పోతాయి. బీమా, పెట్రోలు, సర్వీసింగు వేరే.

ఫోను సంగతీ అంతే. ‘నో కాస్ట్ ఈఎంఐ’, అంటే వడ్డీ లేని కిస్తీలు అంటారు గానీ బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, అమ్మేవాళ్లు ఆ మేరకు ధర తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మన నెత్తినే.

అన్నిటికంటే ఘోరం క్రెడిట్ కార్డు. ‘మినిమమ్ డ్యూ’, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన కొద్ది మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే, మిగతా బాకీకి చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే వడ్డీ. అది తీరేదాకా కొత్తగా ఏం గీకినా ఆ రోజు నుంచే వడ్డీ లెక్క మొదలు.

నిజంగా స్థోమత ఉన్నవాళ్లూ ఉంటారు: సొంతిల్లు, ఇద్దరి జీతాలు, ఊళ్లో రెండెకరాలు. అవేవీ లేకుండా, అద్దె కడుతూ, పక్కవాడి ఫొటో చూసి షోరూముకు పరిగెత్తేవాళ్లను చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది.