బండికి కాదు, ముందు ఒంటికి బీమా చూసుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్. ఈ ఊళ్లలో స్పోర్ట్స్ బైకో, కాస్త పవరున్న కారో కొన్న యువకుల్లో కొందరు సెలవు దొరికితే రేస్ ట్రాక్ దారి పడుతున్నారు. పోటీకి కాదు. ఫీజు కట్టి, సొంత బండితో, పోలీసు భయం లేకుండా, ఎదురుగా ఏ వాహనమూ రాని సర్క్యూట్ మీద నాలుగు రౌండ్లు తిరగడానికి. దీన్నే ట్రాక్ డే అంటారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు. ఉత్తరాన గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసొచ్చిన వాళ్లలో కొందరికి ఈ కోరిక అప్పుడే మొదలై ఉంటుంది.

ఈ అలవాటు మంచిదే అంటాను. వేగం మీద మోజు ఉన్నవాడు అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీదో, 44వ నంబరు హైవే మీదో దాన్ని తీర్చుకుంటే పోయేది అతని ప్రాణం ఒక్కటే కాదు. రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్, డివైడర్ దాటే గేదె, బస్సు దిగి రోడ్డు దాటే ముసలమ్మ, వీళ్లెవరూ ట్రాక్ మీద ఉండరు. రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం కూడా.

కాకపోతే బయలుదేరే ముందు ఒక మాట తేల్చుకోవాలి. అక్కడ పడితే డబ్బు ఎవరు కడతారు?

చాలామంది దగ్గర దీనికి ఒకటే జవాబు, ‘నాకు బంపర్ టు బంపర్ ఉందిగా’ అని. షోరూంలో బండి ఇచ్చేటప్పుడు ఆ మాటే చెప్పి ఇస్తారు మరి. బంపర్ టు బంపర్ అంటే జీరో డిప్రిసియేషన్. పార్టులు మార్చినప్పుడు పాతబడిన విలువను తగ్గించకుండా లెక్క కడతారు, అంతవరకే. బండిని ఎక్కడ, దేనికి వాడారన్న ప్రశ్నకు దానితో సంబంధం లేదు. ఆ సంగతి పాలసీ కాగితంలో వేరే చోట, చిన్న అక్షరాల్లో, ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అన్న శీర్షిక కింద ఉంటుంది. మీ పాలసీ పీడీఎఫ్ తెరిచి చూడండి. అద్దెకు తిప్పడం, సరుకు రవాణా, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్ (ముందు నడిచి వేగం చూపడం), స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ (బండి ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్షలు), వీటికి వాడితే పాలసీ వర్తించదని వరసగా రాసి ఉంటుంది. మన దేశంలో కంపెనీ ఏదైనా ఈ పదాలు దాదాపు ఇవే.

ట్రాక్ డే పోటీ కాదు, టైమింగ్ లేదు, అది శిక్షణ మాత్రమే అని వాదించవచ్చు. ఆ వాదనలో కొంత బలం కూడా ఉంది. కానీ ‘స్పీడ్ టెస్టింగ్’ అన్న మాట కంపెనీ చేతిలో ఉన్నంతకాలం ఆ వాదన గెలుస్తుందని నమ్ముకుని మూడు లక్షల బండిని పణంగా పెట్టలేం. మీరు ఇంకో రైడర్‌ను గుద్దినా అంతే. థర్డ్ పార్టీ బీమాను చట్టం తప్పనిసరి చేసింది బహిరంగ ప్రదేశాల కోసం. పైగా రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ అన్న కారణాలతో తప్పుకునే వీలు అదే చట్టం 150వ సెక్షన్‌లో కంపెనీకి ఇచ్చింది.

మన పల్లెల్లో బీమా అంటే తెలిసిన రూపం రైతు బీమా. 2018 ఆగస్టు నుంచి అమలవుతోంది. రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. ఎందుకు, ఎలా అని అడగరు. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలు మోటారు బీమా కూడా అలాగే ఉంటుందనుకోవడం సహజం. మోటారు బీమాలో మాత్రం మొదట అడిగేదే ‘ఎందుకు, ఎక్కడ’ అని.

ఇక్కడే ఒక చెడ్డ సలహా వినిపిస్తుంటుంది. బండిని ఎలాగోలా ఊరికి తెచ్చి, చిట్యాల దగ్గర స్కిడ్ అయిందని క్లెయిమ్ పెట్టెయ్యమంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. ట్రాక్ మీదికి వెళ్లే ముందు అద్దాలు విప్పిస్తారు. పగిలినా ముక్కలు చెల్లాచెదురు కాకుండా హెడ్‌ల్యాంప్‌కీ ఇండికేటర్లకీ టేపు అంటిస్తారు. తిరిగొచ్చాక అద్దాల బోల్టుల చుట్టూ కొత్త గీతలు, ల్యాంప్ మీద టేపు జిగురు అలాగే ఉంటాయి. ఫెయిరింగ్, అంటే బైకు పైతొడుగు, ఒక పక్కంతా గీరుకుపోయి, పగుళ్లలో ట్రాక్ అంచున పోసే కంకర ఇరుక్కుని ఉంటుంది, అద్దానికి మాత్రం గీత కూడా ఉండదు. నష్టం చూడటానికి బీమా కంపెనీ పంపే అనుభవమున్న సర్వేయర్‌కు అది చాలు. దానికి తోడు అదే రోజు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన వీడియో ఉండనే ఉంటుంది. అబద్ధం బయటపడితే ఆ క్లెయిమ్ ఒక్కటే పోదు, పాలసీయే రద్దు కావచ్చు, మోసం కేసు కూడా పడవచ్చు.

మరి ట్రాక్ కోసమే విడిగా పాలసీ కొనాలా? అమెరికా, బ్రిటన్‌లలో ఒక్క రోజుకో, ఏడాదికో అమ్మే ట్రాక్ డే పాలసీలు ఉన్నాయి. బండి విలువను ముందే ఒప్పుకుని, అందులో కొంత శాతం మొదట మీరు భరించాలంటారు. ఇంజిన్ పోవడం, టైర్ల అరుగుదల, టైమింగ్ పెట్టే పోటీలు, సాధారణంగా ఇవేవీ అందులో ఉండవు. మన దగ్గర షోరూంలో గానీ, ఊరి ఏజెంట్ దగ్గర గానీ ఇలాంటిది దొరకదు. మోటారు బీమా షరతులన్నీ రాసిన పాత మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ 31 అని, ర్యాలీలకు అదనపు ప్రీమియంతో పాలసీకి జతచేసే ఎండార్స్‌మెంట్ ఉంది, అందులోనూ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కుదరవనే రాశారు.

రేపు ఎవరైనా బ్రోకర్ అలాంటి పాలసీ తెచ్చినా లెక్క వేసి చూడాల్సిందే. కారు విలువ 8 లక్షలు, మీ వాటా 10 శాతం అనుకుందాం. మొదటి 80 వేలు మీ జేబులోంచే. ట్రాక్ మీద ఎక్కువగా జరిగేవి బంపర్ ఊడటం, రిమ్ వంగడం, సస్పెన్షన్ ఆర్మ్ పోవడం లాంటివి. వాటిలో చాలావరకు ఆ 80 వేల లోపే తేలిపోతాయి. అంటే మీరు ప్రీమియం కట్టేది కారు మొత్తం పోయే ఒక్క సందర్భం కోసం. ఆ నష్టం మీ ఇంటిని కుదిపేసేదైతే పాలసీ కొనడంలో అర్థం ఉంది. తట్టుకోగలిగితే ఆ డబ్బు పక్కన పెట్టుకోవడమే మేలు. బైకుకు అసలు అవసరం లేదని నా అభిప్రాయం. ఈఎంఐలు ఇంకా నడుస్తున్న బండినైతే ట్రాక్ మీదికి తీసుకెళ్లకపోవడమే మంచిది. బండి తుక్కయినా బ్యాంకు కిస్తీ ఆగదు. ట్రైనింగ్ స్కూళ్లు కొన్ని బైకు అద్దెకిస్తాయి. పడితే ఎంత కట్టాలో ముందే అడిగి, కాగితం మీద రాయించుకుంటే చాలు.

ఒంటి సంగతి వేరు. అక్కడ ఖర్చుకు హద్దు లేదు. 2019లో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ, ఆరోగ్య బీమాలో సాధారణంగా ఉండే మినహాయింపులను ఒకే పదాల్లోకి తెచ్చింది. అందులో సాహస క్రీడల గురించిన తొమ్మిదో కోడ్‌లో మోటార్ రేసింగ్ పేరు ఉంది. కానీ వాక్యం జాగ్రత్తగా చదవండి. ‘ప్రొఫెషనల్‌గా’ పాల్గొని గాయపడితే చికిత్స ఖర్చు ఇవ్వరని ఉంది. సరదాగా వెళ్లేవాడు ప్రొఫెషనల్ కాదు. అంటే మీ మామూలు హెల్త్ పాలసీయే ఇక్కడ అక్కరకొచ్చే అవకాశం బాగా ఉంది. అయినా వెళ్లే ముందు కంపెనీకి ఒక ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో ఈ వెసులుబాటు చాలాసార్లు ఉండదు. రేసింగ్ అన్న మాట కనిపిస్తే ప్రొఫెషనల్ అయినా, సరదాకైనా ఒకటే. మోటార్ పాలసీలో బండి యజమాని ప్రమాదానికని కలిసొచ్చే 15 లక్షల ఓనర్–డ్రైవర్ కవర్‌కూ బండి వాడకం షరతే అడ్డం. నాకు ఎక్కువ ఆందోళన ఇక్కడే. బైకు మీంచి పడితే తరచూ విరిగేది కాలర్ బోన్, మణికట్టు. ఆసుపత్రి బిల్లు హెల్త్ పాలసీ కట్టినా, ఆ తర్వాత వారాల తరబడి పని ఉండదు. దేవరకొండలో ఎలక్ట్రీషియన్‌కైనా, మిర్యాలగూడ రైస్ మిల్లు మెకానిక్‌కైనా చెయ్యి లేవకపోతే ఆ నెల ఇల్లు గడవదు. అందుకే డబ్బు పెట్టి కొనాల్సింది ఏదైనా ఉంటే, సరదా మోటార్ స్పోర్ట్‌ను మినహాయించని, పని చేయలేని కాలానికి వారానికి ఇంతని ఇచ్చే యాక్సిడెంట్ పాలసీ. దాని కోసం నలుగురు ఏజెంట్లను అడగాల్సి వచ్చినా అడగండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకునేటప్పుడు ప్రమాదకరమైన హాబీలున్నాయా అని అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. దాచిన విషయం మూడేళ్లలోపు బయటపడితే ఆ భారం మోసేది ఇంట్లో వాళ్లే.

ఇంకో విషయం. పొద్దంతా చెన్నై ట్రాక్ మీద ఎండలో లెదర్ సూటుతో తిరిగి, రాత్రికి రాత్రే ఒంగోలు, అద్దంకి మీదుగా నల్లగొండకు బయలుదేరతారు. ఆ ప్రయాణానికి మీ పాలసీ పూర్తిగా పనిచేస్తుంది, మీ కళ్లే పనిచేయవు. బండిని పికప్‌లో వేయించుకుని రండి, లేదా ఆ రాత్రి అక్కడే పడుకోండి.

ఐఆర్‌డీఏఐ 2022 జులైలో ఎన్ని కిలోమీటర్లు తిప్పితే అంతకే ప్రీమియం కట్టే యాడ్ ఆన్‌లకు అనుమతి ఇచ్చింది. బండి వాడకాన్ని బట్టి ధర కట్టగలిగిన కంపెనీలు ట్రాక్ మీద గడిపే ఒక్క రోజుకు ధర కట్టలేవా? ఐఆర్‌డీఏఐ కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, హైదరాబాద్ నానక్‌రాంగూడలోనే ఉంది. నల్లగొండ, పాలమూరు రైడర్ల గ్రూపులు కలిసి అక్కడ ఒక వినతిపత్రం ఇవ్వాలి. యువకులను హైవే మీంచి ట్రాక్ మీదికి రమ్మని చెప్పే పోలీసు అధికారులు కూడా దాని మీద సంతకం పెట్టాలి.